ఉప్పు తప్పిన ఆవకాయ: డిమెన్షియా చరిత్రలో వంటిల్లు

1. ఒక జాడీ కథ

2011 వేసవిలో ఒహాయోలోని మా ఇంట్లో మా అమ్మ పెట్టిన ఆవకాయ మూడు వారాలు తిరగకుండానే బూజు పట్టింది. తెనాలి దగ్గర పల్లెటూళ్ళో పదహారో ఏట కాపురానికి వచ్చినది మొదలు ఏటేటా ఆవకాయ పెట్టిన మనిషి ఆమె. చదువు ఐదో తరగతితో ఆగిపోయింది కాని, గిద్ద, సోల, తవ్వ, మానిక లెక్కలలో ఆమె తప్పడం నేనెన్నడూ చూడలేదు. అమెరికా వచ్చాక ఆ లెక్కలన్నీ ఇక్కడి కొలత కప్పులలోకి తనే మార్చుకుంది.

జాడీ మూత తీసి చూసినప్పుడు, “ఈ దేశపు కాయలో నీరెక్కువ” అన్నాను నేను. “నూనె తక్కువైందేమో అత్తయ్యా” అంది మా ఆవిడ. బూజు తీసేసి అడుగునుంచి ఒక ముక్క కొరికి చూస్తే ఆవఘాటు రెండింతలుంది. ఉప్పు దాదాపు లేదు. ఆవపిండి రెండుసార్లు వేసి ఉప్పు వెయ్యడం మరచిపోయిందన్నమాట. అమ్మ ఏమీ మాట్లాడలేదు. ఆ మౌనాన్ని నేను నొచ్చుకోవడం అనుకున్నాను. అప్పటికి ఇరవై ఏళ్ళుగా వైద్యం చేస్తున్నవాణ్ణి. జాడీ కడిగి బోర్లించి ఆ సంగతి మరచిపోయాను. అమ్మకు అల్‌జైమర్స్ వ్యాధి ఉందని తేలింది 2013లో.

ఆ రెండేళ్ళ ఆలస్యం నన్ను ఈ వ్యాధి చరిత్ర చదివేలా చేసింది. వైద్య కళాశాలలో మేము చదువుకున్న చరిత్రంతా సూక్ష్మదర్శినులు, రంగులద్దిన మెదడు కణాలు, జన్యువులు. మూల పత్రాలు, రోగుల కథనాలు తిరగేస్తున్న కొద్దీ ఇంకొక స్థలం పదేపదే కనబడసాగింది: వంటిల్లు. వ్యాధి తొలిసారి బయటపడినది అక్కడ, దాని తీవ్రతను కొలిచినది అక్కడ, చివరిదాకా మిగిలే నైపుణ్యాలు దాగి ఉన్నదీ అక్కడే. ఆ చరిత్రను, అమెరికాలో వంట చేసి మనల్నీ మన పిల్లల్నీ పెంచిన నాయనమ్మల, అమ్మమ్మల చరిత్రతో కలిపి చూసే ప్రయత్నం ఈ వ్యాసం.

2. ఫ్రాంక్‌ఫర్టులో ఒక మధ్యాహ్న భోజనం

1901 నవంబరు 25న ఫ్రాంక్‌ఫర్టులోని మానసిక వైద్యశాలలో ఔగుస్టె డేటర్ అనే 51 ఏళ్ళ స్త్రీని చేర్పించారు. భర్త రైల్వే గుమాస్తా. ఆమె ప్రవర్తనలో మార్పులను వైద్యులకు చెప్పినవాడు అతనే. అకారణమైన అనుమానాలు, మతిమరుపు, ఇంట్లో ఊరికే అటూ ఇటూ తిరగడం - వీటితోపాటు అతను గమనించిన మరొక మార్పు, వంటలో తప్పులు చేయడం. ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న వంటే ఆమెకు చేత కాకుండా పోయింది.

మర్నాడు ఆమెను పరీక్షించిన వైద్యుడు అలోయిస్ అల్‌జైమర్. అడిగిన ప్రశ్ననూ వచ్చిన జవాబునూ ఆయన ఉన్నదున్నట్టు రాసిపెట్టుకున్నాడు. మధ్యాహ్నం ఆమె పళ్ళెంలో ఉన్నవి కాలీఫ్లవర్, పందిమాంసం. ఏం తింటున్నావని అడిగితే పాలకూర అని చెప్పింది. ఈ ఒక్క జవాబులో ఎంతో ఉంది. ఆకలి ఉంది, తినడం తెలుసు, ప్రశ్న అర్థమైంది, అది తినే వస్తువు గురించి అని కూడా తెలుసు; కాని పేరుకూ పదార్థానికీ మధ్య ముడి ఊడిపోయింది.

ఆమె 1906 ఏప్రిల్‌లో మరణించింది. అదే ఏడాది నవంబరు 3న ట్యూబింగెన్‌లో జరిగిన సభలో అల్‌జైమర్ ఆమె మెదడులో కనుగొన్న మార్పులను వివరించాడు. 1910లో ఎమిల్ క్రేపెలిన్ తన పాఠ్యగ్రంథంలో ఈ వ్యాధికి అల్‌జైమర్ పేరు పెట్టాడు. మ్యూనిక్‌లో అల్‌జైమర్ దగ్గర పనిచేసిన వారిలో లైబీరియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన నల్లజాతి వైద్యుడు సాలమన్ కార్టర్ ఫుల్లర్ ఒకడు. మాసచూసెట్స్‌లోని వెస్ట్‌బరో వైద్యశాలలో పనిచేస్తూ 1912లో ఈ వ్యాధి గురించిన సమగ్ర సమీక్షను ఇంగ్లీషులో ప్రచురించాడు. ఆ రకంగా అమెరికాకు ఈ వ్యాధి కథను తెచ్చినవాడు కూడా ఒక వలస వైద్యుడే.

ఔగుస్టె కేసు కాగితాలు ఎన్నో దశాబ్దాలపాటు కనబడకుండా పోయి, 1995లో ఫ్రాంక్‌ఫర్టులోనే దొరికాయి. 1997లో అవి ప్రచురితమయ్యేదాకా వైద్యలోకానికి ఆమె గురించి తెలిసినది కొంతే. ఆమె భోజనం, ఆమె మాటలు, భర్త చెప్పిన వంటింటి సంగతి ఆ తరువాతనే చరిత్రలోకి వచ్చాయి.

3. పెన్‌ఫీల్డ్ సోదరి ఇచ్చిన విందు

వంటకూ మెదడుకూ ఉన్న సంబంధాన్ని చెప్పిన అత్యంత ప్రసిద్ధమైన కేసు డిమెన్షియాది కాదు. మాంట్రియాల్‌లోని సుప్రసిద్ధ శస్త్రవైద్యుడు వైల్డర్ పెన్‌ఫీల్డ్ 1928లో తన సొంత అక్కకు మెదడులో కణితి తీశాడు. దానితోపాటు కుడివైపు ముందరి భాగాన్ని చాలామేరకు తొలగించవలసి వచ్చింది. ఆమె కోలుకుంది. మాట, జ్ఞాపకం, మర్యాద అన్నీ మునుపటిలాగే ఉన్నాయి. పరీక్షలు చేసినవారికి పెద్ద లోపమేదీ కనబడలేదు.

శస్త్రచికిత్స జరిగిన పదిహేను నెలలకు ఆమె తమ్ముణ్ణి భోజనానికి పిలిచింది. ఇంట్లో నలుగురికీ, అతిథి ఒకరికీ వంట. ఒకప్పుడు ఆమెకు అది లెక్కలోది కాదు. పెన్‌ఫీల్డ్ వెళ్ళేసరికి వంట సామగ్రి అంతా సిద్ధంగా ఉంది. ఒకటి రెండు వంటకాలు పొయ్యి మీద ఉన్నాయి. కాని సలాడ్ కాలేదు, మాంసం మొదలే పెట్టలేదు. చాలాసేపటినుంచి ఒంటరిగా తంటాలు పడుతూ ఆమె దిక్కుతోచక నిలబడి ఉంది. పక్కన ఒకరు చేరి సాయం పడితే వంట సాగింది. ఈ సంఘటనను పెన్‌ఫీల్డ్, జోసెఫ్ ఎవాన్స్ కలిసి 1935లో ‘బ్రెయిన్’ పత్రికలో రాశారు. పరీక్ష గదిలో దొరకని లోపం వంటింట్లో దొరికింది.

ఐదుగురికి భోజనం వండడమంటే ఏమిటో ఎన్నడూ వండనివారికి తెలియదు. అన్నం ఎప్పుడు పడేస్తే పప్పు ఉడికేసరికి సరిపోతుంది, చింతపండు ఎప్పుడు నానబెట్టాలి, కూర మగ్గేలోపు ఏం తరుక్కోవచ్చు, పోపు ఏ క్షణంలో దించాలి - ఇవన్నీ ఏకకాలంలో మనసులో నడవాలి. మనం ‘వంటపని’ అని తేలిక చేసి మాట్లాడే ఈ పని, మెదడు ముందరి భాగం చేసే ప్రణాళిక, క్రమం, సమయపాలన, దిద్దుబాటు అన్నిటికీ ఒకేసారి పరీక్ష. అందుకే డిమెన్షియా తొలిదశలో మాటలో, మర్యాదలో తేడా కనబడకముందే పండగ వంటలో తేడా కనబడుతుంది. 2010 సంక్రాంతికి అమ్మ అరిసెలు చెయ్యలేదు. “ఓపిక లేదురా” అంది. పాకం పట్టే సమయానికి పిండి సిద్ధంగా ఉండాలన్న క్రమం ఆమెకు అప్పటికే జారిపోతోందని ఇప్పుడు అనుకుంటాను.

4. చేతికున్న జ్ఞాపకం

1953లో కనెటికట్‌లోని హార్ట్‌ఫర్డ్‌లో విలియం స్కోవిల్ అనే వైద్యుడు మూర్ఛవ్యాధికి చికిత్సగా ఒక యువకుడి మెదడులో రెండువైపులా హిప్పోక్యాంపస్ భాగాలను తొలగించాడు. మూర్ఛలు తగ్గాయి. కాని హెన్రీ మొలైసన్ అనే ఆ యువకుడికి ఆ తరువాత జరిగినదేదీ నిమిషాల తరబడి కూడా గుర్తుండలేదు. అతన్ని దీర్ఘకాలం పరిశీలించిన బ్రెండా మిల్నర్ 1962లో ఒక విచిత్రమైన విషయం ప్రచురించింది. అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీతల మధ్య గీయమని అతనికి మూడు రోజులపాటు అభ్యాసం ఇచ్చింది. రోజురోజుకూ అతని చెయ్యి మెరుగుపడింది. మునుపెప్పుడూ ఆ పని చేసిన జ్ఞాపకం మాత్రం అతనికి లేదు. ‘ఏమిటి’ అన్న జ్ఞాపకం వేరు, ‘ఎలా’ అన్న జ్ఞాపకం వేరు అన్న అవగాహనకు ఇది పునాది.

అల్‌జైమర్స్ వ్యాధి ఎక్కువమందిలో హిప్పోక్యాంపస్ పరిసరాలలో మొదలవుతుందని హైకో బ్రాక్, ఎవా బ్రాక్ దంపతులు 1991లో దశలవారీగా చూపారు. చేతి అలవాట్లను మోసే లోపలి భాగాలు, చిన్నమెదడు చాలాకాలం నిలబడతాయి. వాసనకు సంబంధించిన ప్రాంతాలు మాత్రం తొందరగానే దెబ్బతింటాయి. అందుకే పోపు మాడిన వాసన, గ్యాసు వాసన వారికి తెలియకపోవచ్చు. నాలుకకు తెలిసే ఉప్పు, పులుపు, తీపి అంత త్వరగా పోవు.

ఈ మూడు విషయాలూ కలిపి చూస్తే మన ఇళ్ళలో కనబడే ఒక వైరుధ్యం అర్థమవుతుంది. పప్పు, పులుసు, కూర, పచ్చడి కలిపి భోజనం సిద్ధం చెయ్యడం ఆమెకు పోయింది. చిక్కుడుకాయల ఈనెలు తియ్యడం, గోంగూర ఆకు దూయడం, చింతపండులో గింజలు ఏరడం, లడ్డూలు చుట్టడం పోలేదు. 2015లో అమ్మకు నా పేరు తడబడేది. ఆ రోజుల్లోనే ఒక పళ్ళెంలో కాకరకాయలు ఇస్తే, అన్నిటినీ ఒకే మందాన చక్రాలుగా తరిగి పెట్టింది. ఆ కాకరకాయలు తరిగిన చెయ్యి అరవయ్యేళ్ళ క్రితం తెనాలి దగ్గర వంటింట్లో అత్తగారి ఎదుట నేర్చుకున్నది.

5. మగవారిని అడగని ప్రశ్న

1969లో ఫిలడెల్ఫియాలోని వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పనిచేస్తున్న పావెల్ లాటన్, ఎలేన్ బ్రోడీ ఒక కొలమానాన్ని ప్రచురించారు. వృద్ధులు స్వతంత్రంగా జీవించగలరా అని తెలుసుకోవడానికి ఎనిమిది పనులు అందులో ఉన్నాయి: ఫోను వాడకం, బజారు పని, వంట, ఇంటిపని, బట్టలుతకడం, ప్రయాణం, మందులు వేసుకోవడం, డబ్బు లెక్కలు. యాభై ఏళ్ళు దాటినా ఈనాటికీ మేము వాడుతున్న కొలమానం ఇదే.

వంట కింద నాలుగు మెట్లు ఉన్నాయి. తనంతట తాను ఆలోచించి, వండి, వడ్డించగలగడం మొదటిది. సరుకులు అమర్చి ఇస్తే వండగలగడం రెండవది. వండినదాన్ని వేడిచేసుకోవడమో, వండినా సరిపడా తినకపోవడమో మూడవది. ఇంకొకరు వండి పెట్టవలసి రావడం నాలుగవది. మొదటి మెట్టుకు ఒక మార్కు. మిగిలిన మూడింటికీ సున్నా. వైద్యుడి కాగితం మీద ఈ మూడూ ఒకటే. ఇంట్లో ఉన్నవారికి మాత్రం రెండో మెట్టుకూ నాలుగో మెట్టుకూ మధ్య నాలుగైదేళ్ళ జీవితం ఉండవచ్చు.

ఇంకొక సంగతి కూడా ఉంది. మొదట ఈ కొలమానాన్ని వాడిన తీరులో ఆడవారికి ఎనిమిది పనులు, మగవారికి ఐదు. వంట, ఇంటిపని, బట్టలుతకడం మగవారిని అడగలేదు. ఆనాటి అమెరికా మగవారు అవి చెయ్యరు కనుక, చెయ్యలేకపోవడాన్ని లోపంగా లెక్కించడం అన్యాయమని భావించారు. శాస్త్రీయంగా అది సబబైన నిర్ణయమే. కాని చదువుతూ ఉంటే నాకు సిగ్గు వేసింది. 2013లో ఆ కాగితం మీద అమ్మకు వచ్చిన మార్కులకన్నా, వంట పంక్తిలో నలభై ఆరేళ్ళ నా మార్కు ఎక్కువేమీ కాదు. ఆవకాయ జాడీలో ఏముందో మా ఆవిడకు వెంటనే అనుమానం రాకపోవడానికి కారణం, అప్పటికి ఏడాదిగా అమ్మ వంటలోని తప్పులను ఆమె చప్పుడు చెయ్యకుండా సరిదిద్దుతూ ఉండటమే. పప్పులో రెండోసారి ఉప్పు పడితే ఆలుగడ్డ వేసి ఉడికించేది. ‘అత్తయ్య నొచ్చుకుంటుంది’ అని నాకు చెప్పలేదు. నేను తిన్నాను, రుచిగా ఉందన్నాను, లేచాను.

ఎలేన్ బ్రోడీ 1981లో ‘విమెన్ ఇన్ ది మిడిల్’ అన్న మాటతో ఒక పత్రం రాసింది. ఉద్యోగం, పిల్లలు, ముసలి తల్లిదండ్రులు - ఈ మూడింటి మధ్య నలిగే మధ్యవయసు స్త్రీల గురించి అది. ఈనాటికీ అమెరికాలో డిమెన్షియా రోగులకు జీతం లేకుండా సేవచేసే కోటీ పదిలక్షల మందికి పైగా కుటుంబసభ్యులలో దాదాపు మూడింట రెండువంతులు స్త్రీలే.

6. చాదస్తం అన్న మాట వెనక

1970ల దాకా అమెరికాలో కూడా ముసలితనంలో మతి పోవడం సహజమన్న అభిప్రాయమే ఉండేది. అల్‌జైమర్ పేరు నడివయసులో వచ్చే అరుదైన జబ్బుకు మాత్రమే వాడేవారు. ముసలివారిలో కనబడేదీ అదే వ్యాధి అని, ప్రాణాలు తీసే ప్రధాన వ్యాధులలో దాన్ని చేర్చాలని రాబర్ట్ కాట్జ్‌మన్ 1976లో రాసిన సంపాదకీయం ఆ ఆలోచనను మార్చింది. 1980లో రోగుల కుటుంబాలు షికాగో కేంద్రంగా సంఘం పెట్టుకున్నాయి. 1981లో నాన్సీ మేస్, పీటర్ రాబిన్స్ సంరక్షకుల కోసం రాసిన పుస్తకానికి ‘ది థర్టీ సిక్స్ అవర్ డే’ అని పేరు పెట్టారు. సంరక్షకులకు రోజుకు ముప్ఫై ఆరు గంటలన్నమాట.

మన దేశంలో ఈ మార్పు మరొక దారిన నడిచింది. లారెన్స్ కోహెన్ అనే మానవశాస్త్రవేత్త కాశీలో ఉండి పరిశోధించి 1998లో ‘నో ఏజింగ్ ఇన్ ఇండియా’ అన్న గ్రంథం వెలువరించాడు. ఇంట్లో పెద్దవారి మతి తప్పితే, పిల్లలు సరిగ్గా చూసుకోని ‘చెడ్డ కుటుంబం’ వల్లనే ఇలా అయిందని ఇరుగుపొరుగు భావించేవారని ఆయన రాశాడు. హిందీలో ఇందుకు వాడే మాట అరవై అన్న సంఖ్యనుంచి పుట్టింది. తెలుగులో మనకు ‘చాదస్తం’ ఉంది. ఈ మాట వృద్ధులను కొంత కాపాడుతుంది. తప్పు చేసినా నవ్వి ఊరుకుంటారు. అదే మాట వ్యాధిని దాచి కూడా పెడుతుంది. సముద్రం దాటి వచ్చిన మనతో చాదస్తం అన్న మాటా వచ్చింది, చెడ్డ కుటుంబం అన్న భయమూ వచ్చింది. మా ఊరినుంచి ఫోను చేసిన బంధువులు “అమెరికాలో ఒంటరిగా గదిలో పెట్టి ఉద్యోగాలకు పోతే మతి పోదూ?” అన్నారు. వైద్యుణ్ణయి ఉండి కూడా ఆ మాటకు జవాబు చెప్పలేకపోయాను.

తెలుగునాట ఈ వ్యాధిపై జరిగిన పరిశోధనలలో ప్రపంచమంతా గమనించినది హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు చేసినది. 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన ఆ పత్రం ప్రకారం, రెండు లేదా అంతకన్న ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో వ్యాధి లక్షణాలు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువురానివారిలోనూ ఈ తేడా కనబడింది. తెలుగు, ఉర్దూ, హిందీ వీధిలోనే కలిసి వినబడే హైదరాబాదులోనే ఇటువంటి అధ్యయనం సాధ్యం. దేశవ్యాప్తంగా జరిగిన సర్వే ఆధారంగా 2023లో వెలువడిన అంచనా ప్రకారం భారతదేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. పట్టణాలకన్న పల్లెల్లో, మగవారికన్న ఆడవారిలో ఎక్కువ. ఇంత ఉన్నా మన ఊళ్ళో ఎవరికీ లేదనుకుంటాం. చాదస్తం అనే మాట అంత పని చేస్తుంది.

7. ఆరు నెలల వీసా నాయనమ్మలు

1965 అక్టోబరు 3న లిబర్టీ ద్వీపంలో అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసిన వలస చట్టం మన డాక్టర్లకు, ఇంజనీర్లకు తలుపు తెరిచింది. అదే చట్టం పౌరసత్వం పొందినవారి తల్లిదండ్రులను సంఖ్యాపరిమితి లేకుండా రానిచ్చింది. మొదటి తరంవారు చదువుకునే రోజుల్లో పప్పు దొరకడమే గొప్ప. 1974లో షికాగో డెవన్ వీధిలో పటేల్ బ్రదర్స్ మొదటి దుకాణం తెరిచింది. 1970లలోనే పిట్స్‌బర్గ్‌లో వేంకటేశ్వరాలయం వెలిసింది. దర్శనం కన్న ముందు అక్కడి పులిహోర గుర్తొచ్చేవారు నాకు తెలిసినవారిలోనే చాలామంది ఉన్నారు. ఆ తరువాత వచ్చినది తల్లుల తరం. పురిటికి వచ్చి, ఆరు నెలలుండి, తిరిగి వెళ్ళి, మళ్ళీ వచ్చి, చివరికి గ్రీన్ కార్డుతో స్థిరపడిన తరం.

ఈ స్త్రీలు అమెరికా తెలుగువారి చరిత్రలో దాదాపు నమోదు కాలేదు. సభలు, సంఘాలు, సంచికలు నడిపినవారి పేర్లు ఉన్నాయి. పెరట్లో గోంగూర వేసి, ఉద్యోగాలకు వెళ్ళిన కొడుకుల, కోడళ్ళ, కూతుళ్ళ పిల్లలకు అన్నం కలిపి పెట్టి, ఇంట్లో తెలుగు వినబడేలా చేసినవారి పేర్లు లేవు. 1996లో మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు మొదటిసారి వచ్చిన అమ్మ, 2004లో పూర్తిగా వచ్చేసింది. మా పిల్లల తెలుగు గురించి ఒక మాట చెప్పాలి. వారికి తెలిసిన తెలుగులో ముప్పాతిక వంటింటి తెలుగే: పెరుగు, ఉప్పు, చాలు, ఇంకొంచెం, కారంగా ఉంది, మళ్ళీ పెట్టు. అమ్మకు వచ్చిన కాసిని ఇంగ్లీషు మాటలు వ్యాధి ముదిరేకొద్దీ పోయాయి. నాయనమ్మకు మిగిలిన భాష, మనవరాళ్ళకు వచ్చిన భాష కలిసే చోటు వంటింటి బల్ల ఒక్కటే అయింది. ఇంకే గదిలోనూ వారు మాట్లాడుకోలేకపోయారు.

ఈ తరం జబ్బు పడినప్పుడు దేశం వారిని ఎలా చూసింది? 1996 సంక్షేమ చట్టం పౌరసత్వం లేని వృద్ధులకు సహాయాన్ని బాగా తగ్గించింది. గ్రీన్ కార్డుతో వచ్చినవారు ఐదేళ్ళు ఇక్కడ నివసించాక గాని మెడికేర్ కొనుక్కోలేరు. అది ఉన్నా దీర్ఘకాలిక సంరక్షణ ఖర్చు అది భరించదు. నర్సింగ్ హోములో చేర్చినా తెలుగు మాట్లాడేవారు, మెత్తగా పప్పన్నం కలిపి పెట్టేవారు ఉండరు. దానితో సంరక్షణ అంతా తిరిగి ఇంటికే, ఇంట్లో స్త్రీకే వచ్చింది. 2024 జులైలో మెడికేర్ మొదలుపెట్టిన ‘గైడ్’ ప్రయోగం డిమెన్షియా కుటుంబాలకు సలహాదారును, సంరక్షకులకు కాస్త విరామాన్ని సమకూరుస్తున్నది. ఇది మనవారిలో చాలామందికి తెలియదు కనుక ఇక్కడ చెబుతున్నాను.

వ్యాధి నిర్ధారణలోనూ భాష అడ్డుపడుతుంది. 1975లో ఫోల్‌స్టీన్ దంపతులు, పాల్ మెక్‌హ్యూ రూపొందించిన ముప్ఫై మార్కుల పరీక్ష ఇంగ్లీషు చదువుకున్నవారిని మనసులో పెట్టుకుని చేసినది. హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో పల్లెవాసులను పరిశీలించడానికి మేరీ గంగూలీ బృందం 1990లలో దానిని చదువురానివారికి తగినట్టు హిందీలో తిరగరాయవలసి వచ్చింది. అక్టోబరు నెలలో ఒక క్లినిక్‌లో అమ్మను “ఇది ఏ నెల?” అని అడిగారు. “ఆశ్వయుజం” అంది. ఫోనులో దుబాసీ ఒక క్షణం ఆగి “తెలియదట” అని చెప్పాడు. సున్నా పడింది. నేను పక్కనే ఉన్నాను కనుక దిద్దగలిగాను. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే తెలుగు పెద్దవారిని నేను పరీక్షతోపాటు పులిహోర ఎలా చేస్తారో చెప్పమంటాను. ఏది ముందు, ఏది తరువాత, పదిమందికి ఎంత బియ్యం అన్న వివరంలో తెలిసేది కొన్నిసార్లు గడియారం బొమ్మలో తెలియదు. ఇది ప్రమాణీకరించిన పరీక్ష కాదు. రెండో అడుగు వెయ్యాలా అన్నది తేల్చుకోవడానికి నాకు పనికివచ్చే ప్రశ్న.

8. పొయ్యి ఎవరు ఆపాలి?

2014 ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం పాలగిన్నె మాడి, వంటింటి నిండా పొగ కమ్మి, అలారం మోగుతుండగా అమ్మ ముందుగదిలో కూర్చుని ఉంది. ఆ రాత్రి నేను స్టవ్ నాబులు ఊడదీసి దాచేశాను. ఏ వైద్యుడైనా ఇచ్చే సలహానే పాటించాను. మర్నాటినుంచి అమ్మ వంటింట్లోకి రావడం మానేసింది. అన్నం తినడం తగ్గించింది. నెల తిరిగేసరికి మూడు కిలోల బరువు తగ్గింది. ఆమె నన్ను అడిగినది ఒకటే: “నేనేం తప్పు చేశానురా?”

ఇంగ్లండులో టామ్ కిట్‌వుడ్ 1997లో రాసిన ‘డిమెన్షియా రీకన్సిడర్డ్’ పుస్తకం అప్పుడు చదివాను. మెదడు దెబ్బతినడం వ్యాధిలో ఒక భాగం. చుట్టూ ఉన్నవారు ఆ మనిషిని మనిషిగా లెక్కించడం మానేయడం రెండో భాగం అన్నది ఆయన వాదం. అదే కాలంలో ఒహాయోలోనే కామెరాన్ క్యాంప్ అనే మనస్తత్వవేత్త, పిల్లల చదువు కోసం మాంటిసోరి రూపొందించిన పద్ధతిని డిమెన్షియా రోగులకు అన్వయించాడు. పెద్ద పనిని చిన్న ముక్కలు చేసి, చేతికి తెలిసిన ముక్కను వారికివ్వడం దాని సారం. పెన్‌ఫీల్డ్ సోదరి పక్కన ఒకరు నిలబడితే వంట సాగిందన్నది ఇక్కడ పద్ధతిగా మారింది.

మా ఆవిడ ఈ పుస్తకాలేవీ చదవలేదు. తను ఉద్యోగం నుంచి వచ్చాక అమ్మను వంటింట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టి, “అత్తయ్యా, వెల్లుల్లి ఒలిచి పెడతారా, నాకు చెయ్యి తిరగడం లేదు” అంది. పొయ్యి నాబులు లేకుండానే ఉంది. తను వంట చేసినంతసేపు పెట్టుకుని, అయిపోయాక తీసేసేది. అమ్మకు మొత్తం భోజనం బాధ్యత పోయింది, పని మాత్రం ఉంది. తిండి తిరిగి మొదలుపెట్టింది. ఒక్కోరోజు ఒలిచిన వెల్లుల్లినే మళ్ళీ ఒలవడానికి చూసేది. ఒక్కోరోజు “ఈవిడెవరు, నా వంటింట్లో?” అని కేకలు వేసేది. ఆ కేకలు పడినది కూడా మా ఆవిడే. సంరక్షణలో వంట గొప్పతనం గురించి రాసేటప్పుడు ఇది దాచకూడదు. వంటమీద ప్రేమ ఉన్న మనిషి వంటింటిని వదులుకోలేదు. వదులుకోలేని చోటే ఘర్షణ కూడా జరుగుతుంది.

చివరి దశలో ప్రశ్న మారింది. 2018లో అమ్మకు మింగడం కష్టమైంది. పొట్టలోకి గొట్టం వేయాలా అన్నది ఎదురైంది. జాన్స్ హాప్‌కిన్స్‌కు చెందిన థామస్ ఫినుకేన్, ఆయన సహచరులు 1999లో చేసిన సమీక్ష, ముదిరిన డిమెన్షియాలో ఇటువంటి గొట్టం ఆయుష్షు పెంచుతుందనడానికి, ఊపిరితిత్తులలోకి ఆహారం పోకుండా ఆపుతుందనడానికి ఆధారం లేదని తేల్చింది. అమెరికన్ జీరియాట్రిక్స్ సొసైటీ గొట్టం బదులు చేత్తో జాగ్రత్తగా తినిపించడాన్నే సిఫారసు చేసింది. ఇవన్నీ నాకు తెలుసు, ఇతరుల కుటుంబాలకు ఎన్నోసార్లు చెప్పాను. అయినా గుంటూరునుంచి అన్నయ్య ఫోనులో “తిండి లేకుండా చంపుతావురా అమ్మని?” అన్నప్పుడు నా చదువు నాకు అక్కరకు రాలేదు. అమ్మ ఎంతమందికి తిండి పెట్టిందో మా ఇద్దరికీ తెలుసు.

చివరికి మా పెద్దమ్మాయి మార్గం చూపింది. సెలవులకు వచ్చి, మెత్తగా ఉడికించిన పప్పన్నంలో నెయ్యి వేసి, చిటికెడంత ముద్ద చేసి నాయనమ్మ పెదవులకు ఆనించింది. “నాన్నా, నాకు ఇలాగే పెట్టేది కదా” అంది. వైద్యపత్రాలు చేత్తో తినిపించడం అన్నదానికి మన భాషలో గోరుముద్ద అన్న పేరు ఉందని నాకు అప్పుడు తట్టింది. అన్నయ్యకు వీడియోలో అది చూపించాం. అతను చాలాసేపు ఏమీ అనలేదు. గొట్టం వెయ్యలేదు.

9. బాహుకుడి వంట

భారతం అరణ్యపర్వంలోని నలోపాఖ్యానం మనలో చాలామంది తెలుగు వాచకంలోనో, ఇంట్లో పెద్దలనోటనో విన్నదే. కర్కోటకుడి కాటుతో రూపం మారిపోయి, బాహుకుడన్న పేరుతో సారథిగా వచ్చిన నలుణ్ణి దమయంతి ముఖం చూసి గుర్తుపట్టలేదు. కేశిని చేత అతను వండిన మాంసం తెప్పించుకుని రుచి చూసి, ఇది నలుడి చేతి వంటేనని తెలుసుకుంది. మనిషి ముఖం మారిపోయినా చేతి రుచి మనిషిని పట్టిస్తుందని ఆ కథ నమ్మింది. మన భాషలో పాకశాస్త్రానికి పేరు పడినవారు నలుడు, భీముడు. ఇద్దరూ మగవారే. నలభీమపాకం అని మెచ్చుకుంటూ వంటింటి గడప దాటని నాబోటివారికి ఇది కాస్త ఇబ్బందికరమైన వారసత్వం.

నేను వంట నేర్చుకున్నది యాభై నిండాక. మా ఆవిడ వారంలో మూడు రోజులు నాకు అప్పగించింది. 2018 చివరలో, అమ్మ నన్ను కొడుకుగా గుర్తుపట్టడం మానేసిన చాలాకాలానికి, ఒక ఆదివారం పప్పుచారు కాచాను. ఆమె అట్టుకు తగినట్టు చిక్కగా, చిన్న చెంచాతో నోటికందించాను. చప్పరించి, నా ముఖంలోకి చూసి అడిగింది.

“ఎవరు బాబూ వండింది? ఉప్పు తక్కువైంది.”

ఆవకాయలో ఉప్పు వేశానో లేదో గుర్తుంచుకోలేకపోయిన మనిషికి, ఏడేళ్ళ తరువాత కూడా ఉప్పు రుచి తెలుసు. లేచి వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చాను. రెండో చెంచా తాగి తల ఊపింది.

అమ్మ 2019లో పోయింది. ఆవకాయ జాడీ మా వంటింట్లోనే ఉంది. ఏటా మే నెలలో మా ఆవిడ, నేను కలిసి ఆవకాయ పెడుతున్నాం. ఆవపిండి, కారం, ఉప్పు వేరువేరు గిన్నెల్లో కొలిచిపెట్టుకుని, కలిపే ముందు ఒకరి లెక్క ఇంకొకరు చూస్తాం.